ఒడ్డు ఎంతుంటే హక్కు అంతేనా?

ఉత్తర అమెరికాలో ఐదు మహా సరస్సులున్నాయి: సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్, ఈరీ, ఆంటారియో. భూమి పైభాగంలో ఉన్న మంచినీటిలో దాదాపు ఐదోవంతు వీటిలోనే ఉంది. ఒడ్డును అమెరికా వైపు ఎనిమిది రాష్ట్రాలు, కెనడా వైపు ఆంటారియో రాష్ట్రం పంచుకున్నాయి. అమెరికా వైపు ఎనిమిది రాష్ట్రాలూ కలిసి రాసుకున్న ఒడంబడిక 2008లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సరస్సుల బేసిన్, అంటే వాన నీరు ఆ సరస్సుల్లోకి పారే ప్రాంతం, దాటించి నీళ్లు తీసుకుపోకూడదు. బేసిన్ గీతకు అటూ ఇటూ పరుచుకున్న ఊళ్లకు, కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) కొన్ని మినహాయింపులున్నాయి. ఊరు గీత అవతల ఉండి, కౌంటీ మాత్రం గీత మీద ఉంటే ఎనిమిది మంది గవర్నర్లూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా అంతే. ఒడ్డు పొడవుతో సంబంధం లేకుండా రాష్ట్రానికి ఒక్క ఓటు.

ఇది న్యాయమేనా అన్నది మేనమామకూ మేనకోడలికీ మధ్య వాదం. రెడ్డెప్ప చిత్తూరు జిల్లాలో నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు, విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిషిగన్ సరస్సు ఒడ్డునున్న మిల్వాకీలో కొడుకు దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చాడు. సులోచన తిరుపతిలో న్యాయశాస్త్రం చెబుతుంది. నేను సులోచన పక్షం. అయినా రెడ్డెప్ప మాటల్లో పదును ఎక్కడా తగ్గించలేదు.

రెడ్డెప్ప: మిషిగన్ రాష్ట్రానికి 3,200 మైళ్ల పైచిలుకు ఒడ్డు ఉంది. ఇండియానాకు 45 మైళ్లు. ఇద్దరికీ చెరొక ఓటు. ఇదేం లెక్క పాపా? చెరువు కింద పదెకరాలు ఉన్నోడికీ పది సెంట్లు ఉన్నోడికీ ఒకే తడి ఇస్తామా మనం?

సులోచన: పొలం కొనుక్కున్నదో, తాతలిచ్చిందో అయ్యుంటుంది మామా. ఈ ఒడ్డు ఎవరికి ఎట్లా వచ్చిందో చూడండి. 1787లో రాష్ట్రాల హద్దుగా మొదట అనుకున్న గీత మిషిగన్ సరస్సు దక్షిణపు కొసను ఆనుకుని పోతుంది. ఆ గీతే ఖాయమై ఉంటే ఇండియానాకు చెప్పుకోదగ్గ ఒడ్డే దక్కేది కాదు. 1816లో రాష్ట్రం చేసేటప్పుడు గీతను పది మైళ్లు పైకి జరిపారు. 1818లో ఇల్లినాయ్ వంతు వచ్చింది. నథానియల్ పోప్ అనే ప్రతినిధి పట్టుబట్టి ఉత్తరపు హద్దును 42 డిగ్రీల 30 నిమిషాల దాకా ఎత్తించాడు. షికాగో ఇవాళ ఇల్లినాయ్‌లో ఉందంటే అందుకే. పెన్సిల్వేనియా అయితే డబ్బు పెట్టి కొనుక్కుంది. సరస్సు మీద ఒక రేవు కావాలని 1792లో ఈరీ ఒడ్డున రెండు లక్షల ఎకరాలు, ఎకరం 75 సెంట్ల లెక్కన. ఇక మీ మిషిగన్ సంగతి. 1835లో టొలీడో ఊరున్న సన్నటి నేల పట్టీ కోసం ఒహాయోతో కయ్యానికి దిగింది, రెండు వైపులా సైన్యాలు కదిలాయి. చివరికి టొలీడో ఒహాయోకు పోయింది. దానికి బదులుగా కేంద్రం ఉత్తరాన ఉన్న ద్వీపకల్పంలో ఎక్కువ భాగాన్ని మిషిగన్‌కు కట్టబెట్టింది. మీరు లెక్కపెడుతున్న 3,200 మైళ్లలో పెద్ద వాటా ఆ పరిహారంలో వచ్చిందే. కాంగ్రెస్‌లో బేరాలాడి గీసిన గీతలివి. వాటి పొడవును కొలిచి నీటి మీద హక్కు తేలుస్తామంటే, ఎవరు బాగా బేరమాడారో వాళ్లకే నీళ్లు అన్నట్టు.

రెడ్డెప్ప: ఎట్లా వస్తేనేం, ఇప్పుడు ఉంది గదా. ఆ ఒడ్డు కోసుకుపోతే బాధపడేది వాళ్లే, మురుగు శుద్ధి చేసేదీ వాళ్లే. బరువు ఎక్కువ మోసేవాడికి మాట ఎక్కువ ఉండొద్దా?

సులోచన: ఒడ్డు మీద ఉండాలి, ఉంది కూడా. ఒడ్డు ఎట్లా వాడుకోవాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం చేసుకుంటుంది.

రెడ్డెప్ప: ఆ చట్టాల అందం నాకు తెలుసులే. ఒకరోజు మిల్వాకీకి ఉత్తరంగా సరస్సు గట్టున చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నా. గులకరాళ్లు, తడి ఇసుక, అలలు చూస్తే మన మైపాడు బీచే అనుకుంటాం, ఉప్పు వాసన లేదంతే. ఒక ఇంటాయన మెట్లు దిగి వచ్చి, మర్యాదగానే, ఇసుక మీద కాదు, నీళ్లలో దిగి నడవండి అన్నాడు. చలికాలం పోయి నెలన్నా కాలేదు. పాదాలు కొయ్యబారిపోయినాయి. అదే సరస్సుకు అవతలి గట్టున, మిషిగన్ రాష్ట్రంలో, తడి ఇసుక మీద ఎవరైనా నడవొచ్చని మావాడు చెప్పినాడు. నీళ్లు ఒకటే, గట్టు మారితే ధర్మం మారిందా?

సులోచన: నిజమే. మిషిగన్ సుప్రీంకోర్టు 2005లో, అలల గుర్తు ఉన్నంత మేర జనం నడవొచ్చని తీర్పిచ్చింది. విస్కాన్సిన్‌లో పాదం నీళ్లలోనే ఉండాలి. నాకూ ఆ నియమం నచ్చదు. కానీ దానివల్ల పక్క రాష్ట్రానికి చుక్క నీరు తగ్గదు. ఇసుక మీద ఎవరి చట్టం వాళ్లు చేసుకోనీండి. సరస్సు అడుగు నేల, నీరు మాత్రం అట్లా కాదు. ఇల్లినాయ్ శాసనసభ 1869లో షికాగో దగ్గర వెయ్యి ఎకరాలకు పైగా సరస్సు అడుగు నేలను ఒక రైలు కంపెనీకి రాసిచ్చి, నాలుగేళ్లకు వెనక్కి తీసుకుంది. కంపెనీ కోర్టుకెక్కితే 1892లో సుప్రీంకోర్టు ఏమంది? ఆ నేల జనం తరఫున రాష్ట్రం చేతిలో ఉన్న ఆస్తి, ఇష్టం వచ్చినట్టు ఇచ్చేయడానికి లేదు అంది. తన ఒడ్డు దగ్గరి నేలనే రాష్ట్రం అమ్ముకోలేనప్పుడు, ఎనిమిది ఒడ్లకూ తగిలే నీటిని ఒక రాష్ట్రం ఎట్లా అమ్ముకుంటుంది? 1998లో కెనడాలోని ఆంటారియో ప్రభుత్వం సుపీరియర్ నీళ్లను ఓడల్లో ఆసియాకు పంపడానికి ఒక కంపెనీకి పర్మిట్ ఇచ్చింది. గొడవయ్యాక రద్దు చేసింది. ఈ ఒడంబడిక ఆలోచనకు ఊపొచ్చింది ఆ భయంతోనే.

రెడ్డెప్ప: ఇల్లినాయ్ పేరు నువ్వే ఎత్తావు. షికాగో వాళ్లు 1900లో ఏం చేశారు? మురుగు సరస్సులో కలిసి తాగే నీళ్లు పాడవుతున్నాయని కాలువ తవ్వి నదినే వెనక్కి తిప్పారు. సరస్సులోకి పోయే నది ఇప్పుడు మిసిసిపీ వైపు పోతోంది. మిగతా రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. చివరికి 1967లో సెకనుకు 3,200 ఘనపుటడుగులకు మించొద్దని గీత గీశారు. లెక్క వేసుకో పాపా, ఏడాదికి సుమారు 100 టీఎంసీలు. తెలుగుగంగలో మద్రాసుకు రాసిన 15 టీఎంసీలకు ఆరు రెట్ల పైనే! నీ ఒడంబడిక దాన్ని తాకలేదు. ముందు దోచుకున్నోడికి పట్టా, తర్వాత వచ్చి చెంబు పట్టుకుని నిలబడినోడికి ఎనిమిది సంతకాలా?

సులోచన: అది మచ్చే మామా. కాదనను. పాత తీర్పును కదిలిస్తే ఇల్లినాయ్ సంతకం పెట్టదు. అందుకే వదిలేశారు.

రెడ్డెప్ప: ఇంకొకటి విను. వాకెషా అని మిల్వాకీకి పక్కనే ఉంది, సరస్సుకు పాతిక కిలోమీటర్లు. లోతు బోర్లలో రేడియం పడింది. ఊరు బేసిన్ గీతకు కాస్త అవతల. 2010లో దరఖాస్తు పెట్టారు, 2016లో ఎనిమిది మందీ ఒప్పుకున్నారు, 2023లో కొళాయికి నీళ్లొచ్చాయి. పదమూడేళ్లు! డబ్బున్న ఊరు, లాయర్లున్న ఊరు కాబట్టి కాచుకున్నారు. మన పుంగనూరు, పలమనేరు వైపు వెయ్యి అడుగుల బోరు ఎండిపోయిన రైతును పదమూడేళ్లు కాచుకోమంటావా? అసలు మాటకొస్తా. నువ్వు తిరుపతిలో తాగుతున్నది ఏ నీళ్లు? కల్యాణి డ్యాం చాలకపోతే తెలుగుగంగ. అంటే కృష్ణా. హంద్రీ-నీవాలో మన జిల్లాకు వచ్చేదీ కృష్ణానే. అంతా బేసిన్ దాటి వచ్చిన నీరే. నీ మహా సరస్సుల నియమం ఇక్కడ పెట్టి ఉంటే మన వైపు ఆ నీళ్లు చుక్క వచ్చేవి కావు. ఒడ్డు ఉన్నోళ్లంతా కూడబలుక్కుని ఒడ్డు లేనోడి మొహాన తలుపేసుకోవడాన్ని నువ్వు న్యాయం అంటున్నావు. ఒడ్డు లేని ఊళ్లో పుట్టి ఆ మాట ఎట్లా అంటావమ్మా?

(ఈ వాదంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ ప్రశ్నే.)

సులోచన: గట్టిగానే తగిలింది. రెండు మాటలు చెబుతా. ఒకటి, నది వేరు, ఈ సరస్సులు వేరు. కృష్ణలో ఏటా వానకు కొత్త నీరొస్తుంది. మహా సరస్సుల్లో ఉన్నది మంచుయుగం చివర హిమానీనదాలు కరిగి నిండిన నీరు. వానకూ వాగులకూ ఏటా కొత్తగా చేరేది అందులో నూటికి ఒక వంతు. సుపీరియర్‌లో నీరు ఒకసారి పూర్తిగా మారాలంటే 190 ఏళ్లు పడుతుంది. అది ఖజానా, ఆదాయం కాదు. తోడుతూ పోతే ఒడ్డున్నోడికీ ఉండదు, లేనోడికీ ఉండదు. వాకెషాకు కూడా ఊరికే ఇవ్వలేదు. రోజుకు సగటున 82 లక్షల గాలన్ల దాకా తీసుకోవచ్చు, వాడిన తర్వాత శుద్ధి చేసి దాదాపు అంతా తిరిగి సరస్సులోకి వదలాలి. రూట్ నది ద్వారా వదులుతున్నారు.

రెండోది, తెలుగుగంగ మీకు సాక్ష్యం కాదు మామా, నాకు సాక్ష్యం. మద్రాసుకు 15 టీఎంసీలు ఎట్లా పోగుచేశారు? మహారాష్ట్ర 5, కర్ణాటక 5, మనం 5. కృష్ణ ఏ రాష్ట్రంలో ఎన్ని కిలోమీటర్లు పారుతోందో టేపు పెట్టి కొలిచారా? తలా సమానంగా ఇచ్చారు, అందరూ ఒప్పుకుని ఇచ్చారు. 1996లో మద్రాసు దగ్గరి పూండి రిజర్వాయరుకు నీళ్లు చేరాయంటే ఆ ఒప్పుకోలు వల్లే. బేసిన్ దాటకూడదన్న నియమం మనకు కుదరకపోవచ్చు. దాటాలంటే అందరి సంతకం ఉండాలన్నది మాత్రం మనం వాడుకున్నదే.

రెడ్డెప్ప: అది రాజకీయ నాయకులు మంచి మూడ్‌లో ఉన్న రోజు. ప్రతిరోజూ అట్లా ఉండదు.

సులోచన: మూడ్ మీద వదలకూడదనే కాగితం మీద రాసుకోమంటున్నా. మన ఇంటి ముందరి పులికాట్‌నే చూడండి. ఎక్కువ భాగం మన వైపు, కింది కొస తమిళనాడు వైపు. రెండు ప్రభుత్వాలూ కూర్చుని నిర్ణయం తీసుకునే ఒక్క బోర్డన్నా ఉందా?

రెడ్డెప్ప: పులికాట్ ఉప్పునీళ్లు! మంచినీటి సరస్సుల మాట చెబుతూ దాన్నెందుకు తెస్తావు?

సులోచన: ఒడ్డు ఒడ్డే కదా మామా. తడలో, సూళ్లూరుపేటలో వల మీద బతికేవాళ్లకు గీత గొడవ తప్పుతోందా?

రెడ్డెప్ప: అక్కడి గొడవ గీత కాదు. సముద్రంతో కలిసే నోళ్లు పూడుకుపోవడం. మన వైపు రాయదొరువు దగ్గర ఇసుక మేటేసింది. దానికి తోడు శ్రీహరికోట రోడ్డు సరస్సుకు అడ్డంగా వేశారు, పై భాగానికి నీటి పోటు సరిగా ఎక్కదు. వేసవిలో పోయి చూడు, కార్లు తిరిగేంత ఎండిపోతుంది. ఇసుక తీసే మెషీన్ కావాలి, నీ ఒడంబడిక కాదు.

సులోచన: మెషీన్ ఎవరు పెట్టాలి? నీరు బాగా ఆడే నోరు పళవేర్కాడులో, తమిళనాడు చేతిలో. మన జాలర్లు వలలతో కిందికి పోయేది అందుకే, అక్కడివాళ్లు అడ్డుకునేదీ అందుకే. ఇసుక తీసే ఖర్చు, వల వేసే హద్దు, రొయ్యల చెరువుల మురుగు... ఒక్కటి కూడా ఒక రాష్ట్రం చేతిలో తేలేది కాదు. పైగా మన రాజ్యాంగం 262వ అధికరణం, 1956 చట్టం రెండూ అంతర్రాష్ట్ర నదులు, నదీ లోయల గురించే మాట్లాడతాయి. సరస్సు ఊసే లేదు. రేపు పులికాట్ మీద తగవొస్తే ఏ ట్రిబ్యునల్ దగ్గరికి పోవాలి?

రెడ్డెప్ప: (కాసేపటికి) అది నిజమే, నాకు తట్టలేదు. అయితే నీ ఒడంబడికలో ఇంకో లోటుంది. ఆ సరస్సుల చుట్టూ తరతరాలుగా చేపలు పట్టుకుని బతికిన మూలవాసులకు ఓటు ఉందా? ఎనిమిది గవర్నర్లకే గదా. రేపు పులికాట్ బోర్డులో కూడా ఇద్దరు ఐఏఎస్‌లు కూర్చుంటారు, పట్టపువాళ్లు, యానాదులు బయట నిలబడతారు.

సులోచన: వాళ్లకు బోర్డులో కుర్చీ, ఓటు రెండూ ఉండాలి. సలహా అడిగి పంపించేస్తే చాలదు. అందులో మీతో నాకు పేచీ లేదు.

రెడ్డెప్ప: సరే. ఇప్పుడు పాలారుకు రా. కుప్పం దగ్గర గణేశపురం ఆనకట్ట మీద తమిళనాడు సుప్రీంకోర్టుకు పోయింది. 1892 నాటి మద్రాసు-మైసూరు ఒప్పందం చూపిస్తోంది. మనం పైనున్నాం, వాళ్లు కింద. ప్రతి ఒక్కరి సంతకం కావాలన్న నీ పద్ధతి అక్కడా పెడతావా? అప్పుడు కుప్పం రైతు ఒక్క రాయి వేయాలన్నా వేలూరును అడగాలి.

సులోచన: పెడతాను. పైనున్న కర్ణాటక కట్టేటప్పుడు మమ్మల్ని అడగాలని మనం అంటున్నాం. కిందివాళ్లకు అదే మాట ఇవ్వకపోతే ఎట్లా మామా?

రెడ్డెప్ప: నువ్వు పెడతావు. నేను మాత్రం ఒప్పుకోను. కుప్పంలో ఎండిన బోరు నేను చూశా.

సులోచన: వేలూరు దాటాక పాలారులో ఇసుక తప్ప ఏమీ లేదు. ఆ నదిని నేనూ చూశాను మామా.