మసక గెలాక్సీకి ఒక్క పొంగు చాలదు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో, కార్తీకంలో చంద్రుడు లేని రాత్రి ప్రాణహిత గట్టు మీద నిలబడితే ఆండ్రోమెడా గెలాక్సీ చిన్న తెల్లటి మరకలా కంటికి ఆనుతుంది. వీధి దీపాలు పెరిగితే అదీ పోతుంది. ఏ దీపమూ లేని చోట కూడా ఆకాశానికి కొద్దిపాటి సొంత వెలుగు ఉంటుంది. ఆ వెలుగు కంటే పలచని డిస్క్ గెలాక్సీలు, అంటే పళ్లెంలా చదునుగా ఉండేవి, చాలా ఉన్నాయి. నక్షత్రాలు ఒక్కసారిగా పొంగులా గుంపుగా పుడితే చాలు, అవీ మిగతావాటిలా మెరిసిపోతాయని అనుకోవడం సులువే. లెక్క చూస్తే మాత్రం అలా కుదరదు.

వీటికి సరుకు కొరత లేదు. హైడ్రోజన్ దండిగా ఉంటుంది, కానీ పలచగా పరుచుకుని ఉంటుంది. ఒకచోట ముద్దకట్టదు కాబట్టి నక్షత్రాలు పుట్టవు. 1986లో బయటపడిన మాలిన్ 1 అనే మసక గెలాక్సీ డిస్క్ వెడల్పు సుమారు ఆరున్నర లక్షల కాంతి సంవత్సరాలు. అంత పెద్దదీ అప్పటిదాకా ఎవరి కంటా పడలేదు!

డిస్క్‌లోని నక్షత్రాల బరువులో 5 శాతం మేర కొత్తవి ఒక్కసారిగా పుట్టాయనుకుందాం. ఆ కాసేపు గెలాక్సీ నీలంగా మారుతుంది, వెలుగు రెట్టింపైనా కావచ్చు. కానీ ఆ నీలి వెలుగు ఇచ్చే భారీ నక్షత్రాలది గడ్డిమంట. బరువులో సూర్యుడికి 20 రెట్లున్న నక్షత్రం కోటి ఏళ్లలోపే అయిపోతుంది, సూర్యుడి ఆయుష్షేమో వెయ్యి కోట్ల ఏళ్లు. కొన్ని వందల కోట్ల ఏళ్ల తర్వాత చూస్తే మిగిలేది ఇంచుమించు ఆ 5 శాతం అదనమే. మాగ్నిట్యూడ్ అంటే వెలుగును కొలిచే మెట్టు, ఒక్కో మెట్టుకు వెలుగు సుమారు రెండున్నర రెట్లు మారుతుంది. ఆకాశం కంటే రెండు మాగ్నిట్యూడ్‌లు మసకగా ఉన్న డిస్క్ ఆకాశంతో సమానం కావాలంటే వెలుగు 6 రెట్లకు పైగా పెరగాలి. ఎక్కడి 5 శాతం, ఎక్కడి 6 రెట్లు?

పైగా నష్టం కూడా ఉంది. భారీ నక్షత్రాలు సూపర్‌నోవాలుగా పేలి చుట్టూ ఉన్న వాయువును వేడెక్కిస్తాయి, చిన్న గెలాక్సీలైతే కొంత బయటికే తోసేస్తాయి. ఒక పొంగు తర్వాతి పొంగుకు అడ్డుపడుతుందన్నమాట.

మరి ఈ మసక గెలాక్సీల్లో చాలావాటి రంగు నీలమెందుకు? ఒకప్పుడు బాగా వెలిగి ఇప్పుడు ఆరిపోయినవైతే ఎర్రబారి ఉండాలి. నక్షత్రాల్లో తయారయ్యే భారమూలకాలు కూడా వీటిలో తక్కువే. అంటే పెద్ద పొంగులు వీటి చరిత్రలో అరుదు. అక్కడక్కడా, అప్పుడప్పుడూ చిన్నచిన్నగా పుట్టుకలు జరుగుతూ వచ్చాయనే వివరణే నాకు నమ్మదగ్గదిగా తోస్తుంది.

కాబట్టి నీలి మచ్చలున్న ఫొటో చూసి గెలాక్సీ మేలుకుందని సంబరపడటం తొందరపాటు. చూడాల్సింది వాయువు ఎక్కడ ఎంత చిక్కగా ఉందో. అది చెప్పేది హైడ్రోజన్ నుంచి వచ్చే 21 సెంటీమీటర్ల రేడియో తరంగం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే సిరొంచ పిల్లల రాష్ట్రంలోనే, పుణే జిల్లా ఖోడద్ దగ్గర, దాన్ని పట్టగల 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి.