ఏడాదికి ఒక్క కొత్త బొమ్మ

ముక్కనుమ నాటి సాయంత్రం సంక్రాంతి బొమ్మల కొలువు ఎత్తేస్తున్నాను. మా ఇంటి ఆనవాయితీ ప్రకారం ముందుగా పై మెట్టు మీది బొమ్మ ఒకదాన్ని పడుకోబెట్టి, తక్కినవాటిని పాత చీరముక్కల్లో చుట్టి పెట్టెలో సర్దుతుంటే, మా అపార్టుమెంటులోనే ఉండే ఒకావిడ పేరంటానికి రాలేకపోయానని చెప్పడానికి వచ్చారు. మా అమ్మాయి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఏటికొప్పాక లక్కపిడతల్లో ఉత్తుత్తి వంట చేస్తోంది. పక్కనే కొండపల్లి అంబారీ ఏనుగు, ఒక చెవి ఊడిపోయి, ఒరిగి పడి ఉంది. ఆవిడ ఆ చెవిని చేతిలోకి తీసుకుని, నిజంగానే నొచ్చుకుంటూ, “ఇంత చక్కటి బొమ్మల్ని పిల్లల చేతికి ఇస్తారా అండీ? అద్దాల బీరువాలో పెట్టుకుంటే పదికాలాలు ఉంటాయి కదా. అసలే ఆ కళ అంతరించిపోతోందంటున్నారు” అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, కాఫీ తాగి వెళ్లారు. నాకు మాత్రం ఆ రాత్రంతా అదే ఆలోచన. బొమ్మలు విరుగుతున్నందుకు ఆ కళకు వచ్చిన నష్టమేమీ లేదనీ, మన ఇళ్లలో అవి విరగడం మానేశాకనే దానికి కష్టకాలం మొదలైందనీ నా నమ్మకం. ఆవిడతో అప్పుడు అనలేకపోయిన మాటలు ఇక్కడ రాస్తున్నాను.

మాది గుడివాడ వైపు. మా వైపు బొమ్మల కొలువు సంక్రాంతి పండుగదే. దసరాకు తొమ్మిది రోజులు పెట్టేవారి సంగతి వేరు. భోగి నాటి ఉదయం పీటలూ పెట్టెలూ చెక్కబల్లలూ ఒకదాని మీద ఒకటి పేర్చి మెట్లు కట్టి, ఉతికిన తెల్ల దుప్పటి పరిచి, బేసి సంఖ్యలో మూడో అయిదో ఏడో మెట్ల మీద బొమ్మల్ని నిలబెట్టేవాళ్లం. సాయంత్రం పిల్లలకు భోగిపళ్లు, తరువాత పేరంటం, శనగలు, తాంబూలం, హారతి. ఇన్ని పద్ధతుల్లోనూ మా అమ్మమ్మ దేన్నయినా సడలించేది గానీ, ఒక్కదానికి మాత్రం ఒప్పుకునేది కాదు: ఏడాదికి ఒక్క బొమ్మైనా కొత్తది రావాలి. పంట బాగా పండిన ఏడు దశావతారాల సెట్టు వచ్చింది. పండని ఏడు అరచేతిలో పట్టే మట్టి చిలక వచ్చింది. ఒక్క ఏడు తప్ప, రావడం మాత్రం ఆగలేదు. కొన్న ప్రతి బొమ్మకూ పీఠం అడుగున పెన్సిలుతో సంవత్సరం వేసి ఉంచేది. ఇప్పుడు ఆ బొమ్మల్ని తిరగేసి చూస్తే 1978 ఉన్నది ఒక్కటీ లేదు. అంతకు రెండు నెలల ముందు, 1977 నవంబరులో, దివిసీమ ఉప్పెన వచ్చింది. అమ్మమ్మ పుట్టింటి వాళ్లది అటువైపే. ఆ సంక్రాంతికి ఆవిడ మెట్లే కట్టలేదని అమ్మ చెబుతుంది.

ఈ ఒక్క నియమం చేసే పనేమిటో నాకు పెళ్లయి సొంతంగా కొలువు పెట్టుకునేదాకా అర్థం కాలేదు. ఒక వీధిలో ఇరవై ఇళ్ల వాళ్లు కొలువు పెడితే, ఏటా జనవరి వచ్చేసరికి ఆ వీధికి కనీసం ఇరవై కొత్త బొమ్మలు కావాలి. కొనేవాళ్లకు కళ మీద అభిమానం ఉండనక్కరలేదు, కళాకారుడి మీద జాలి ఉండనక్కరలేదు, చేతిపని గొప్పదనం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. పండుగ కనుక కొంటారు, అంతే. కొండపల్లిలో ఉలి పట్టుకుని కూర్చున్న మనిషికి ఈ సంగతి ముందే తెలుసు కాబట్టి, వర్షాకాలంలోనే చెక్క తెచ్చి పెట్టుకోగలడు. భక్తి పేరుతో మన పెద్దవాళ్లు పెట్టుకున్న పద్ధతుల్లో చేతివృత్తుల వాళ్లకు ఇంతటి భరోసా ఇచ్చినవి ఎన్నో ఉన్నాయి. దీపావళి ప్రమిదా, పెళ్లిలో ఐరేణి కుండలూ, మధుపర్కాలూ అన్నీ ఆ కోవలోవే. పూజ సంగతి పక్కన పెట్టినా, అవి ఏటేటా తప్పకుండా అందే బేరాలు.

కొండపల్లి బొమ్మ ఎలా తయారవుతుందో ఒకసారి దగ్గర కూర్చుని చూశాను. తెల్లపొణికి కర్ర చేతిలోకి తీసుకుంటే చెక్కలా ఉండదు, ఎండిన రొట్టెముక్కంత తేలిక. దాన్ని సెగకు నెమ్మదిగా కాచి తేమంతా పోగొడతారు. ఆ పనిలో తొందరపడితే తరువాత బొమ్మ పగులుతుంది. ఒకే దిమ్మను బొమ్మగా చెక్కుతారనుకునేదాన్ని. అలా కాదు. ఒళ్లు వేరుగా, చేతులు వేరుగా, ఏనుగైతే తొండం, చెవులు వేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. ఆకురాయితో నున్నగా రాకి, తెల్లటి పూత పూసి, ఆరాక మేక వెంట్రుకల కుంచెతో రంగులు వేస్తారు. నేను చూసిన ఇంట్లో రంగులు వేస్తున్నది ఇల్లాలు. కంటిపాప ఒక్క చుక్క. ఆ చుక్క పెట్టేటప్పుడు మాత్రం ఆవిడ మాట్లాడటం ఆపేది, పెట్టేశాక ఆపిన వాక్యం అక్కడి నుంచే అందుకునేది. అంటే మా ఏనుగు చెవి ఊడటం వింతేమీ కాదు. అతికించినది అతుకు దగ్గర ఊడింది, మళ్లీ అతుక్కుంటుంది. చేసినవాళ్లు దాన్ని అద్దం వెనక ఉంచేందుకు చేయలేదు.

ఏటికొప్పాక పని ఇంకో రకం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు అది. అక్కడ అంకుడు కర్రను లేతు యంత్రం మీద గిరగిర తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కను పట్టుకుంటుంది, పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. మధ్యలో కొంతకాలం రసాయన రంగులు రాజ్యమేలినా, పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి సహజమైన రంగులకు మళ్లీ ప్రాణం పోసినవారు ఆ ఊరి సి.వి.రాజు గారు. అందుకే మా ఇంట్లో నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు వస్తే వాళ్లకు లక్కపిడతలే ఇస్తాను. కొండపల్లివి కాస్త ఊహ తెలిశాకనే.

ఇక భక్తి సంగతి. కొలువు పూజా, ఆటా అని మా ఆయన ప్రతి ఏడూ అడుగుతారు. నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. ఆ బొమ్మలకు ప్రాణప్రతిష్ఠ లేదు, మడి లేదు, పగలంతా పిల్లలు తాకుతూనే ఉంటారు. అయినా సాయంత్రం హారతి తప్పదు. పై మెట్టు మీద రాముడూ దశావతారాలూ ఉంటే, కింది మెట్ల మీద గంగిరెద్దువాడు, బుట్ట నెత్తిన పెట్టుకున్న కూరగాయల మనిషి, తిరగలి విసిరే ఆడవాళ్లు, తాడిచెట్టు ఎక్కే కల్లుగీత మనిషి ఉంటారు. కర్పూరం పళ్లెం పై మెట్టు దగ్గర మొదలై వాళ్లందరి ముందు నుంచీ తిరుగుతుంది. ఊరంతటికీ హారతి ఇచ్చే పూజ నాకు తెలిసి మరొకటి లేదు.

అయితే ఉన్నదున్నట్టు చెప్పాలి. బొమ్మగా వచ్చిన గీత కార్మికుడికి హారతి ఇచ్చిన ఆ ఇళ్లలోనే, నిజమైన గీత కార్మికుడు వీధి అరుగు దాటి లోపలికి వచ్చేవాడు కాదు. మరో మాట. తాతయ్య పోయాక అమ్మమ్మ కొలువు ముందు నిలబడి హారతి ఇవ్వలేదు. బొమ్మలు దించింది ఆవిడ, ధూళి తుడిచింది ఆవిడ, ఎవరి పక్కన ఎవరుండాలో చెప్పింది ఆవిడ; ముత్తైదువలు వచ్చే వేళకు మాత్రం వంటింట్లోకి వెళ్లి శనగలు తిరగమోత పెట్టుకుంటూ కూర్చునేది. చిన్నతనంలో అది నాకు తప్పుగా కూడా తోచలేదు, ఇప్పుడు తలుచుకుంటే కోపం వస్తుంది. నా ఇంట్లో ఆ పద్ధతి తీసేశాను. నాన్న పోయాక మొదటి సంక్రాంతికి హారతి పళ్లెం అమ్మ చేతికే ఇచ్చాను; ఒక పెద్దావిడ ముఖం ముడుచుకున్నారు, మరుసటి ఏడు మళ్లీ వచ్చారు. ఆనవాయితీల్లో ఏది ఉంచుకోవాలో ఏది వదిలేయాలో చూసుకోవాల్సింది మనమే. చిత్రమేమిటంటే, చాలా ఇళ్లలో దీనికి తలకిందులుగా జరిగింది: ఎవరు రావచ్చు ఎవరు రాకూడదన్న పట్టింపు భద్రంగా ఉంది, ఏటా బొమ్మ కొనడం మాత్రం పోయింది.

దాని స్థానంలో వచ్చిందే అద్దాల బీరువా. ఒకసారి విజయవాడ వెళ్లినప్పుడు కొన్న దశావతారాలు, పెళ్లిలో ఎవరో ఇచ్చిన ఎడ్లబండి, లోపల చిన్న దీపం, బయట తాళం. అందులో చేరిన బొమ్మ విరగదు, చెడదు, ఎవరికీ అందదు. దానికి జత అక్కరలేదు, బదులు అక్కరలేదు. అంటే ఆ ఇంటికి కొండపల్లితో లెక్క ఒక్క కొనుగోలుతో సరి. అలా లెక్క తేల్చేసుకున్న మనమే, పాపం, ఎగ్జిబిషన్లలో స్టాలు ముందు నిలబడి “ఈ కళను బతికించుకోవాలి” అంటాం. ఆ మరు నిమిషంలోనే బేరం. గత శీతాకాలంలో ఒక మేళాలో నా ముందున్న ఆయన నాలుగు వందలు చెప్పిన బొమ్మను రెండు వందలకు అడిగారు. “చెక్కకూ రంగుకూ కూడా రాదండీ” అన్నాడు అమ్మే అబ్బాయి. కొనకుండా, బొమ్మతో ఫొటో మాత్రం దిగి వెళ్లారాయన. బేరం ఆడటం తప్పనను, మా అమ్మమ్మ ఘనంగా ఆడేది. కానీ ఆవిడ వచ్చే ఏడూ, ఆ పై ఏడూ తప్పక వచ్చే మనిషని అవతలివాడికి తెలుసు.

గుర్తింపులకు కొదవలేదు. రెండు ఊళ్ల బొమ్మలకూ భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ఊరి సరుకుకే చెందుతుందన్న జీఐ ముద్ర, ఉంది. ఏటికొప్పాకకు అది 2017లో వచ్చింది. రాజు గారికి 2023లో పద్మశ్రీ ప్రకటించారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఏటికొప్పాక బొమ్మలే. ఆటబొమ్మలకు 2021 జనవరి నుంచి బీఐఎస్ నాణ్యతా గుర్తు తప్పనిసరి చేసినప్పుడు, నమోదైన హస్తకళాకారులకూ భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఇచ్చారు. అన్నీ మంచివే, టీవీలో శకటం చూసి నేనూ చప్పట్లు కొట్టాను. అయితే శకటం ఏడాదికి ఒక పూట కదులుతుంది, పిల్లల చదువుల ఫీజులు ఏడాది పొడుగునా కట్టాలి.

మరో కొత్త వింత ఉంది. ఈమధ్య కొందరు కొలువును ఒక ఇతివృత్తం ప్రకారం తీర్చి, రంగు దీపాలు పెట్టి, వీడియో తీస్తున్నారు. కల్పనకు నేను వ్యతిరేకిని కాను, మేమూ చిన్నప్పుడు ఇసుకలో మెంతులు చల్లి పొలాలు చేసినవాళ్లమే. తీరా దగ్గరికి వెళ్లి చూస్తే, ఆ బొమ్మల్లో సగానికి పైగా అచ్చులో పోసిన ప్లాస్టిక్కు, ఒక్కొక్కసారి కొండపల్లి బొమ్మకు నకలుగా పోసినది కూడా. చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది: బరువుంటుంది, అతుకు ఉండదు, పది బొమ్మలకూ కంటిపాప సరిగ్గా ఒక్కచోటే ఉంటుంది.

“అందరూ ఏటా కొనడం మొదలుపెడితే చెక్క ఎక్కడి నుంచి వస్తుంది?” అని అడిగేవాళ్లకు నా దగ్గర తేలికైన సమాధానం లేదు. కొండపల్లి చుట్టుపక్కల అడవిలో పొణికి తగ్గిపోయిందన్నది నిజం, కర్ర దొరకడమే కష్టమని అక్కడివాళ్లే చెబుతారు. మొక్కలు నాటి పెంచాలి, నాటిన చెట్టు చేతికందేదాకా ఆగాలి. కానీ కొనేవాళ్లు ఉంటారన్న ధీమా లేకపోతే ఆ మొక్కకు నీళ్లు పోసేదెవరు? బొమ్మ ఎంత చిన్నదైనా ఫరవాలేదు. మా అమ్మమ్మ నియమంలో సైజు గురించి ఒక్క మాటా లేదు.

నేను అయిదో తరగతిలో ఉండగా తాడిచెట్టు మీది కల్లుగీత మనిషిని కిందికి దింపబోయి చెయ్యి విరగ్గొట్టాను. 1983 నాటి బొమ్మ అది. అమ్మమ్మ నెత్తిన ఒక మొట్టికాయ వేసి, అన్నం మెతుకులతో అతికించి, “కింది మెట్టు మీద పెట్టు, వాడికిక చెట్టెక్కే పని లేదు” అంది. మరుసటి ఏడు కొత్త గీత మనిషి వచ్చాడు. ఇప్పటికీ మా కొలువులో ఇద్దరూ ఉంటారు, ఒకడు చెట్టు మీద, ఒకడు నేల మీద.

ఏనుగు చెవిని ఈ ఉదయం ఫెవికాల్‌తో అతికించాను. సన్నగా గీత కనబడుతోంది. వచ్చే సంక్రాంతికి అది కింది మెట్టు మీదికి దిగుతుంది, కొత్త ఏనుగు పై నుంచి మూడో మెట్టు ఎక్కుతుంది. డిసెంబరులో విజయవాడలో ఒక పెళ్లి ఉంది. అక్కడి నుంచి కొండపల్లి ఎంతో దూరం లేదు. పాపను కూడా తీసుకువెళ్తాను, ఎంచుకునే పని దానిదే.