గ్వామ్ గవర్నర్ ఎన్నిక ఉత్తుత్తిదేనా?

"గ్వామ్‌లో గవర్నర్ ఎన్నిక అంతా నాటకం. మనిషిని వాషింగ్టన్‌లోనే ఖరారు చేస్తారు. 1998లో జనం ఓడించినవాణ్ణి సుప్రీంకోర్టే గద్దె ఎక్కించింది." పసిఫిక్ సముద్రంలో అమెరికా పాలన కింద ఉన్న గ్వామ్ ద్వీపం గురించి ఈ మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది.

ముందు 1998 సంగతి. కార్ల్ గుటియెరెజ్ జోడీకి 24,250 ఓట్లు, జోసెఫ్ అడా జోడీకి 21,200. అంటే 3,050 ఓట్ల ఆధిక్యం. ఓడినవాడెవరో ఇక్కడే తేలిపోతోంది. మరి గొడవ దేనికి? గ్వామ్‌లో గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ జంటగా పోటీ చేస్తారు, గెలవాలంటే సగానికి పైగా ఓట్లు రావాలి, లేకపోతే మళ్లీ పోలింగే. ఆ రోజు పెట్టెల్లో పడ్డ బ్యాలెట్లు 48,666. వాటిలో 1,313 మంది గవర్నర్ గడిని ఖాళీగా వదిలేశారు, 609 మంది రెండు జోడీలకూ గుర్తు పెట్టారు. వీటినీ కలిపితే గుటియెరెజ్ వాటా 49.8 శాతం, తీసేస్తే దాదాపు 52. కలపాల్సిందేనని అడా కోర్టుకెక్కారు. కింది కోర్టులు ఆయన మాటే విని మళ్లీ పోలింగ్ పెట్టమన్నాయి. 2000 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది: గవర్నర్ పదవికి పడ్డ ఓట్లలో సగం దాటితే చాలు. ఎవరికీ వేయని ఓటు ఎవరినో ఓడించడం ఏం న్యాయం చెప్పండి!

వాషింగ్టన్ నియామకం ఒకప్పుడు నిజమే. మొదట నేవీ అధికారులు, తర్వాత అధ్యక్షుడు పంపిన సివిలియన్లు పాలించారు. 1968 చట్టంతో అది మారింది. 1970లో జనం ఓటేసి కార్లోస్ కమాచోను ఎన్నుకున్నారు. కాకపోతే ఆయన అంతకుముందు నియామకంతో వచ్చినవాడే, తికమక అక్కడిదేమో. ఆ చట్టమే గవర్నర్‌ను మధ్యలో దించే రీకాల్ ఓటును కూడా జనానికి ఇచ్చింది. వరుసగా రెండు టర్ములే పరిమితి. 2018, 2022లో గెలిచిన లూ లియోన్ గెరెరోకూ అదే రూలు.

మన రాష్ట్రాల గవర్నర్లను తలచుకుని చదివితే ఇదంతా అర్థం కాదు. అక్కడి గవర్నర్ పని మన ముఖ్యమంత్రి పనికి దగ్గర, పైగా 15 మంది సెనేటర్ల శాసనసభ పంపిన బిల్లుల్ని వీటో చేసే అధికారమూ ఉంది.

వాషింగ్టన్ మీద కోపానికి కారణాలు వేరే ఉన్నాయి. గ్వామ్ చట్టాల్ని రద్దు చేసే హక్కును అమెరికా కాంగ్రెస్ ఇప్పటికీ తన దగ్గరే ఉంచుకుంది. ఆ కాంగ్రెస్ ప్రతినిధుల సభలో గ్వామ్ తరఫున కూర్చునే డెలిగేట్‌కు బిల్లులపై తుది ఓటు లేదు. ద్వీపంలో ఉండేవాళ్లు అమెరికా పౌరులే అయినా, అధ్యక్ష ఎన్నికలో వాళ్లు వేసేది ఉత్త స్ట్రా పోల్, అంటే ఫలితంలో లెక్కకు రాని ఓటు. ఉత్తుత్తి ఎన్నిక అనాలనుకుంటే దాన్ని అనాలి.