లాన్‌లో ఉప్పు చల్లమనే సందేశానికి జవాబు

"వానాకాలానికి ముందు మీ లాన్‌కు ఏడు సూత్రాలు" అనే సందేశం ఈ వేసవిలో ఎన్ని చేతులు మారి నా దగ్గరకు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. పంపినవారిలో బంధువులు ఉన్నారు, మా వీధివారు ఉన్నారు, తరతరాలుగా వ్యవసాయం చేసిన కుటుంబాలవారు కూడా ఉన్నారు. నన్ను ఎక్కువగా బాధించింది ఈ చివరి సంగతే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి విసిగిపోయి, ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను.

సందేశంలో ఉన్నది ఇది: రోహిణి కార్తెలో గడ్డిని నేలమట్టంగా కోయాలి, కలుపు చావడానికి సెంటుకు ఐదు కిలోల రాళ్ల ఉప్పు చల్లాలి, తొలకరి పడగానే సెంటుకు కిలో యూరియా వేయాలి, వేసవి అంతా రెండు పూటలా తడపాలి, అక్టోబరులో చలికాలపు ఎరువు వేసి కొత్త విత్తనం చల్లాలి, పుట్టగొడుగులు కనిపిస్తే వెంటనే మందు కొట్టాలి, నేల తడిగా ఉన్నప్పుడు లాన్‌లో నడవకూడదు.

పుట్టగొడుగుల మాట ఒక్క వాక్యంలో తేలిపోతుంది. నేలలో మిగిలిపోయిన మొద్దులు, వేళ్లు కుళ్లుతున్నప్పుడు వాన తరువాత అవి లేస్తాయి, కొద్ది రోజుల్లో వాటంతట అవే పోతాయి. చిన్నపిల్లలు నోట పెట్టుకోకుండా పీకి పారేస్తే చాలు, మందు అక్కరలేదు.

అక్టోబరు సూత్రం మన దేశానిదే కాదు. కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ వంటి చలిదేశాల గడ్డి వేసవిలో నీరసించి, చల్లబడగానే ఏపుగా పెరుగుతుంది కాబట్టి అక్కడివారు ఆ కాలంలో ఎరువు వేసి విత్తనం చల్లుకుంటారు. కడియం నర్సరీల నుంచి మనం తెచ్చుకునే మెక్సికన్ గడ్డి, గరిక జాతులు వేడిలో పెరిగేవి. పైగా మెక్సికన్ గడ్డిని మనం పలకలుగానో పిలకలుగానో నాటుకుంటాం తప్ప విత్తనం చల్లం. మనకు అక్టోబరు, నవంబరు నెలలు వాయుగుండాల కాలం. అప్పుడు వేసిన నత్రజని సగం మురుగుకాలువకు పోతుంది, మిగిలిన సగం తడిసి ముద్దయిన ఆకులకు తెగుళ్లు తెస్తుంది.

గడ్డిని నేలమట్టంగా కోయమనడం ఇంతకంటే నష్టం చేసే సలహా. ఏ కోతలోనైనా ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. రోహిణి కార్తె ఎండలో నేల బయటపడేలా కోస్తే, గడ్డి తన వేళ్లలో దాచుకున్న శక్తినంతా మళ్లీ ఆకు వేయడానికే ఖర్చు పెట్టుకుంటుంది. ఈలోగా ఖాళీ అయిన చోట ఎండ తగిలి తుంగ అనే మొండి కలుపు లేస్తుంది. తుంగకు నీడ పడదు. ఒత్తుగా, ఒకటిన్నర అంగుళాల ఎత్తున ఉన్న లాన్‌లో దానికి చోటు దొరకడం కష్టం. అంటే మొదటి సూత్రం కలుపును పెంచుతుంది, దాన్ని చంపడానికి రెండో సూత్రం ఉప్పు చల్లమంటుంది.

నేను ఈ జవాబు రాయడానికి కారణం ఆ ఉప్పే. మిగిలిన ఆరు సూత్రాలు పాటించి నష్టపోతే గడ్డి పోతుంది, మళ్లీ వేసుకోవచ్చు. ఉప్పు వేస్తే నేల పోతుంది.

సెంటుకు ఐదు కిలోలంటే ఎకరానికి అర టన్ను. వరిచేలో అర టన్ను ఉప్పు చల్లమని ఎవరైనా చెబితే మన రైతు ఆ మనిషిని గట్టు కూడా ఎక్కనివ్వడు. అదే మాట ఇంటి ముందు లాన్ గురించి అయ్యేసరికి చదువుకున్నవాళ్లం నమ్మి పదిమందికి పంపుతున్నాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువల వెంట వచ్చే మంచినీరే ఈ గోదావరి డెల్టా నేలల్లో ఉప్పును కిందికి అణచి ఉంచుతోంది. కాలువ చివరి భూములకు నీరు సరిగా అందని ఏడాది చౌడు పైకి తేలడం తీరాన ఉన్న సఖినేటిపల్లి, మొగల్తూరు వైపు రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. సముద్రం, ఉప్పుటేర్లు, బోర్లు, రొయ్యల చెరువులు కలిసి ఎక్కిస్తున్న ఉప్పు చాలదన్నట్టు, మన చేతులతో మనమే సంచులు కొని పోయాలా?

"వాన పడితే కొట్టుకుపోతుంది కదా" అని నాకు జవాబు ఇచ్చినవారు ఉన్నారు. కొట్టుకుపోయి ఎక్కడికి వెళ్తుంది? మన నల్లరేగడి బంకనేలలో నీరు త్వరగా కిందికి ఇంకదు, వానాకాలంలో భూగర్భ జలం చాలా పైకి ఉంటుంది. కిందికి దిగిన ఉప్పు వేసవిలో తేమతో పాటు మళ్లీ పైకి లేచి, నీరు ఆవిరయ్యాక నేల మీద తెల్లగా పేరుకుంటుంది. అంతకంటే ముఖ్యమైనది ఉప్పులోని సోడియం. అది బంకమట్టి రేణువులకు పట్టుకుని వాటిని విడగొడుతుంది; అలాంటి నేల తడిస్తే జిగురుగా మారి గాలిని, నీటిని లోపలికి పోనివ్వదు, ఎండితే రాయిలా గట్టిపడుతుంది. రేణువులకు పట్టిన సోడియం ఒట్టి నీటితో వదలదు. పైకి ఉప్పు తేలిన పాలచౌడు కాస్తా సోడియం పట్టిన కారుచౌడుగా మారేది ఇలాగే.

పోనీ, ఇంత చేస్తే కలుపైనా చస్తుందా? తుంగ పైఆకు మాడుతుంది, అంతే. జానెడు లోతు వరకు గొలుసుకట్టుగా ఉండే దాని గడ్డలు బతికే ఉంటాయి, తొలకరికి మళ్లీ మొలకెత్తుతాయి. ఉప్పుకు ముందుగా దెబ్బతినేవి ప్రహరీ పక్కన ఉన్న మామిడి, నిమ్మ చెట్లు. ఆకు అంచులు మాడుతున్నాయని మందుల దుకాణానికి పరుగెత్తేవారు తాము చల్లిన ఉప్పును గుర్తు చేసుకోరు. ఇంటి గోడల వెంట చల్లినవారికి ఇంకొక ప్రమాదం ఉంది: ఉప్పులోని క్లోరైడు తేమతో కాంక్రీటులోకి చేరితే లోపలి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. గడ్డి కోసం పునాదిని పణంగా పెట్టమనే సలహాను ఆలోచించకుండా తోటివారికి పంపడం నాకు క్షమించరాని పనిగా కనిపిస్తోంది.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించగలను. కొబ్బరి చెట్టు మొదట్లో ఉప్పు వేసే అలవాటు మన పల్లెల్లో ఉంది, అందులో అర్థమూ ఉంది. కొబ్బరికి క్లోరైడు అవసరం, ఉప్పును తట్టుకునే శక్తి కూడా దానికి ఎక్కువ. పెద్దలు చెట్టు మొదట్లో వేసిన గుప్పెడు ఉప్పును చూపించి లాన్ అంతటా బస్తాలు పోయడాన్ని సమర్థించకూడదు.

తుంగను వదిలించుకోవడానికి దగ్గరి దారి లేదు. నేల కొంచెం పదునుగా ఉన్నప్పుడు సన్నని గునపంతో గడ్డలతో సహా తవ్వి తీయాలి, రెండు మూడు వారాలకు ఒకసారి మళ్లీ చూడాలి. విస్తీర్ణం ఎక్కువైతే, చెరకు తోటల్లో తుంగకు వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ అనే మందు గరికకు, మెక్సికన్ గడ్డికి పెద్దగా హాని చేయదు. మోతాదు మాత్రం వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకుని వాడాలి.

యూరియా లెక్క కూడా తప్పే. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. లాన్‌కు ఒక దఫాకు చదరపు మీటరుకు సుమారు ఐదు గ్రాముల నత్రజని సరిపోతుంది. సెంటు అంటే దాదాపు 40 చదరపు మీటర్లు కాబట్టి, దానికి 400 నుంచి 450 గ్రాముల యూరియా చాలు. సందేశం రెట్టింపుకు పైగా చెప్పింది. అదైనా జోరువానకు ముందు కాదు, తెరిపి ఇచ్చిన రోజున పొడి ఆకుల మీద పలచగా చల్లి తేలికగా తడపాలి.

రెండు పూటలా తడపమనడం ఉప్పు సలహాకు తోడుబోయింది. వేసవిలో కాలువలు కట్టేశాక ఊళ్లు చెరువుల్లో నిలవ చేసిన నీటితోనే నెట్టుకొస్తాయి, లాన్‌కు దిక్కు బోరే. తీరానికి దగ్గరగా ఆ నీరు ఉప్పగా ఉంటుంది. రోజూ రెండుసార్లు పైపైన తడిపితే నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది, వేళ్లు కూడా పైనే ఉండిపోతాయి. వారానికి రెండుసార్లు, తెల్లవారుజామున, మొత్తం మీద సెంటుకు వెయ్యి నుంచి పదిహేను వందల లీటర్ల నీరు లోతుగా ఇంకేలా పెడితే చాలు. అంత నీరు లేకపోతే గరికను ఎండనివ్వండి. పైకి ఎండినా దాని దుంప బతికే ఉంటుంది, మృగశిరలో మళ్లీ చిగురిస్తుంది.

ఇక ఏడో సూత్రం. తడినేల మీద నడవవద్దనడం అక్షరాలా నిజం, పైగా మన నేలకు చాలా అవసరమైన మాట. బంకమట్టి తడిగా ఉన్నప్పుడు పడిన ఒక్కొక్క అడుగు దాని సందులను మూసేస్తుంది. గడ్డి కోసే యంత్రమైతే మరీ నష్టం. వాన వెలిశాక నీరు పూర్తిగా దిగేవరకు లాన్‌ను వదిలేయమని ఆ సందేశం రాసినవారు చెప్పినది మన ఇళ్లలో చాలామంది పాటించరు. ఈ ఒక్క సూత్రాన్ని పంపి ఉంటే నేనూ నలుగురికి పంపేవాడిని.

ఇప్పటికే ఉప్పు చల్లినవారు చేయవలసింది ఆలస్యం చేయకూడదు. పైన కనిపిస్తున్న ఉప్పును, దానితో పాటు అరంగుళం మట్టిని గీకి దూరంగా పడవేయండి. బోరు నీరు పెట్టకండి. మట్టి పరీక్ష చేయించి, సోడియం పట్టిందని తేలితే పరీక్షించినవారు చెప్పిన మోతాదులో జిప్సం కలపండి. అందులోని కాల్షియం సోడియాన్ని రేణువుల నుంచి తప్పిస్తుంది. ఆ తరువాత వాననీరు గాని కాలువ నీరు గాని నిండుగా పెట్టి, అది నిలవకుండా బయటకు పోయేలా లాన్ పల్లపు వైపు ఒక బోదె తీయండి. ఆ బోదె పక్కింటివారి పెరట్లోకి కాక మురుగుకాలువలోకి కలిసేలా చూడండి.