మూడు లక్షల మైకు, మూడొందల ఇయర్‌ఫోన్స్

మైకు కొనాలంటే షాపుకు వెళ్లి, దాని ముందు నిలబడి, నోరు తెరిచి పాడి చూడాలి అనేది పాతకాలపు మూఢనమ్మకం. బెంగళూరులో ఉన్న మా తెలుగువాళ్లు దాన్ని ఎప్పుడో వదిలించుకున్నారు. మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్‌పీ రోడ్డుకు వెళ్లి రావడానికి పట్టే టైంలో మంచం మీద పడుకుని, యూట్యూబ్‌లో పోలిక వీడియోలు చూస్తూనే ఓ ఇరవై మైకుల తలరాత తేల్చేయొచ్చు. ట్రాఫిక్ లేదు, పార్కింగ్ గొడవ లేదు, షాపువాడు "పాడండి సార్" అన్నప్పుడు గొంతు సవరించుకుంటూ దిక్కులు చూసే అవస్థ అసలే లేదు.

పద్ధతి చాలా శాస్త్రీయంగా ఉంటుంది. ఎక్కడో అమెరికాలోనో జర్మనీలోనో ఒకాయన, గోడల నిండా మందపాటి ఫోమ్ కొట్టించుకున్న గదిలో కూర్చుని, అవే నాలుగు లైన్లు ఒకసారి రెండు మూడు వేల రూపాయల మైకులో, ఇంకోసారి మూడు లక్షలు దాటే న్యూమన్ యు 87లో పాడతాడు. ఒకదాన్ని ఎ అని, ఇంకోదాన్ని బి అని అంటాడు కానీ ఏది ఏదో చెప్పడు. ఆయన చెప్పేలోగా ఇక్కడ మనం తీర్పు ఇచ్చేయాలి. ఆ గదిలో రికార్డయింది 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అనుకుందాం, అంటే ఒక్క మోనో ట్రాకుకే సెకనుకు 1152 కిలోబిట్లు. యూట్యూబ్ దాన్ని నమిలి మన ముందు పెట్టేది మామూలుగా స్టీరియో మొత్తానికి కలిపి 128 నుంచి 160 కిలోబిట్ల దగ్గర. ఏం తీసేయాలో కోడెక్, అంటే శబ్దాన్ని కుదించే సాఫ్ట్‌వేర్, నిర్ణయిస్తుంది, అదీ "ఇది మనిషి చెవికి ఎలాగూ పట్టదులే" అన్న లెక్క మీద. అక్కడినుంచి ఫోన్‌కు వచ్చి, ఫోన్ నుంచి బ్లూటూత్‌లో వెళ్లేటప్పుడు మరోసారి నలిగి, ఆఫీసులో దీపావళికి పంచిపెట్టిన ఇయర్‌బడ్స్‌లోంచి బయటపడుతుంది. ఇన్ని చేతులు మారి వచ్చిన శబ్దాన్ని విని కూడా మావాళ్లు కళ్లు సగం మూసి "పైన ఎయిర్ కొంచెం తక్కువైంది మామా" అంటున్నారంటే అవి మామూలు చెవులు కావు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూసి బిర్యానీలో ఉప్పు చాలలేదని చెప్పగలిగే నాలుక ఎవరికైనా ఉంటే, ఆ నాలుకా ఈ చెవులూ ఒక్క తల్లి బిడ్డలు.

మొన్నామధ్య కుందలహళ్లి గేటు దగ్గర ఒక ఫ్లాట్‌లో జరిగిన విచారణ చెప్తాను, మీకు స్థాయి అర్థమవుతుంది. నలుగురు ఇంజనీర్లు, ఒక టీవీ, దాని కింద సౌండ్‌బార్. ఎ నడిచింది, ఎవరూ పెద్దగా చలించలేదు. బి మొదలవుతుండగా సోఫాలో ఆడుకుంటున్న నాలుగేళ్ల పాప వెళ్లి రిమోట్ మీద కూర్చుంది. టీవీ మూలన వాల్యూమ్ గీత జరజరా పైకి పాకడం అందరికీ కనపడింది కూడా. అంతే, గదిలో ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. "ఇదీ బాడీ అంటే" అన్నాడు ఒంగోలు కుర్రాడు. "ఆ మిడ్స్ చూడన్నా, పక్కన కూర్చుని పాడుతున్నట్టు లేదూ" అన్నాడు ఇంకొకడు. ఈలోపు పాప తల్లి వచ్చి పిల్లను చంకనేసుకుని, రిమోట్ తీసి, ఏమిటీ గోల అంటూ సౌండ్ బాగా తగ్గించి వెళ్లింది. సరిగ్గా అప్పుడే సి మొదలైంది. సి చవకబారు మైకని ఏకగ్రీవంగా తేలిపోయింది. "డబ్బాలో పెట్టి పాడించినట్టుంది, దీన్ని ఎవడు కొంటాడ్రా" అని ఒక పెద్దాయన జాలిపడ్డాడు కూడా. చివర్లో తెర మీద పేర్లు పడ్డాయి. సి అంటే ఆ మూడు లక్షలది. కాసేపు ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. ముందుగా తేరుకున్నది ఒంగోలు కుర్రాడే. "నేనన్నాగా, సి లో ఏదో నేచురల్‌గా ఉందని" అన్నాడు. అతను అలా అనలేదు. అయినా మిగతా ముగ్గురూ తలలూపారు, ఎందుకంటే ఇప్పుడు వాళ్లకూ నేచురల్‌గానే వినిపిస్తోంది.

ఆ లెక్కన రిమోట్ మీద ఉండే ప్లస్ బటన్ ఖరీదు సుమారు మూడు లక్షలు. దీని వెనక సైన్సు ఉంది, నవ్వకండి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ సరిగా అందదు, పెంచేకొద్దీ నిండుగా అందుతుంది. అందుకే కొద్దిపాటి తేడా ఉన్నప్పుడు మనకు "దీని సౌండ్ ఎక్కువ" అని తోచదు, "ఇది మంచి మైకు" అని తోస్తుంది. యూట్యూబే సౌండ్ సమం చేస్తుంది కదా అని తెలిసినవాళ్లు అడ్డు తగులుతారు. చేస్తుంది, కానీ వీడియో మొత్తానికి కలిపి ఒకటే లెక్క. లోపల ఎ కి, బి కి మధ్య ఉన్న హెచ్చుతగ్గులు అలాగే ఉంటాయి, వాటిని సరిచూడటం ఆ ఫోమ్ గదిలో ఆయన దయ. పైగా పాడే మనిషి నాలుగంగుళాల దూరం నుంచి రెండంగుళాలకు జరిగితే సౌండ్ సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ రకం మైకయితే దగ్గరికి వచ్చేకొద్దీ బేస్ కూడా ఉబ్బుతుంది. దాన్నే ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. అంటే రెండో టేకులో ఆయనకు కాస్త హుషారొచ్చి ముందుకు వంగితే చాలు, చవక మైకుకు జమీందారు గొంతు వచ్చేస్తుంది. ఇంత చిన్న విషయం కోసం విచారణ ఆపుతామా?

చవక మైకుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే పక్షపాతం అంటారు. స్టూడియోల్లో వాడే కండెన్సర్ రకం మైకుల్లో చవకవి చాలావాటిలో ఉండేది న్యూమన్ వాళ్ల కె 67 క్యాప్సూల్‌కు, అంటే శబ్దాన్ని పట్టే భాగానికి, నకలు. ఆ క్యాప్సూల్ 1960లో వచ్చిన యు 67 అనే మైకు కోసం చేసింది, దాని పుట్టుకలోనే పైస్థాయి శబ్దాలు కొంచెం ఎక్కువ. ఆ ఎక్కువను అసలు కంపెనీ ఇంజనీర్లు లోపలి సర్క్యూట్‌లో తగ్గించి లెక్క సరిపెట్టారు. నకలు కొట్టినవాళ్లలో చాలామంది క్యాప్సూల్‌ను దించేసి, తగ్గించే సర్క్యూట్‌ను మాత్రం వదిలేశారు. పరీక్షలో పక్కవాడి పేపర్లో సగమే కనపడితే ఇలాగే అవుతుంది. అలాంటి మైకు ముందు "శ్రీశైల శిఖరం" అని ఒక్కసారి పలికి, మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి, ప్రతి శకారానికీ చెవిలో సూది దిగుతుంది. కానీ ఫోన్ స్పీకర్లో విన్నారనుకోండి, అందులో బేస్ ఎలాగూ లేదు కాబట్టి ఆ సూదినే "క్లారిటీ" అంటారు. "క్రిస్ప్‌గా ఉంది బ్రో, రెండు వేలకే!" తీర్పు అయిపోయింది, కార్ట్‌లో పడిపోయింది.

మా కింది ఫ్లోర్ కుర్రాడు మాత్రం ఇలాంటి వాటికి పడడు. అతను స్పెసిఫికేషన్లు చదువుతాడు. మైకు తనంతట తాను చేసే రొదను సెల్ఫ్ నాయిస్ అంటారని, రోడ్ ఎన్‌టీ1కి అది 4.5 డెసిబెల్స్ అని, యు 87 ఏఐకి 12 అని, పదో వంతు కూడా ఖరీదు లేని మైకే ఎక్కువ నిశ్శబ్దంగా ఉందని లిఫ్టులో నాకు వివరంగా చెప్పాడు. నిజమే, రెండూ కంపెనీలు రాసిన అంకెలే. అంత నిశ్శబ్దమైన మైకును తెచ్చి అతను పెట్టింది ఎక్కడయ్యా అంటే గ్రానైట్ నేల, ఒకవైపు గోడంతా అద్దాల కిటికీ ఉన్న పదడుగుల గదిలో. కింద బోర్ మోటారు. గేటు దగ్గర రివర్స్‌లో పీప్ పీప్‌మని అరుస్తూ వచ్చే నీళ్ల ట్యాంకర్. పక్క ఫ్లాట్‌లో కుక్కర్. ఇవన్నీ కాస్త సద్దుమణిగాయి అనుకుని అతను రికార్డ్ బటన్ నొక్కేసరికి, హెచ్ఏఎల్ విమానాశ్రయం నుంచి లేచిన యుద్ధవిమానం ఒకటి నెత్తిమీదుగా వెళ్తుంది. ఆ గదిలో రొద అర్ధరాత్రి దాటాక 30 డెసిబెల్స్‌కు దిగితే గొప్ప. మైకు మటుకు 4.5 దగ్గరే ఉంది పాపం, తన మాట మీద తాను నిలబడింది. దీనికి విరుగుడుగా గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించాడు. అవి బయటి శబ్దాన్ని ఆపవు, లోపలి ప్రతిధ్వనిని కూడా పెద్దగా తగ్గించవు, ఆ పనికి బట్టలతో నిండిన బీరువానో బరువైన రజాయో నయం. కానీ వీడియో కాల్‌లో స్టూడియోలాగా కనిపిస్తుంది. పైగా ఇంట్లో నెలంతా ఆమ్లెట్లే.

ఇక్కడ కొందరు చరిత్ర తీసుకొస్తారు. షూర్ ఎస్‌ఎం 58 అనే మైకు 1966లో వచ్చిందట, ఇప్పటికీ ప్రపంచమంతా స్టేజీల మీద అదే ఉందట, పదివేల అటూ ఇటూగా దొరుకుతుందట. మైకేల్ జాక్సన్ 1982 ఆల్బమ్‌కు కావాలంటే ఎంత ఖరీదైన మైకైనా తెప్పించుకోగలిగిన ఇంజనీరు బ్రూస్ స్వీడియన్, ఆ గొంతుకు షూర్ ఎస్‌ఎం 7 పెట్టాడట. ఇవన్నీ నిజాలే, కాదనను. కానీ వాళ్లకు పోలిక వీడియోలు చూసే అవకాశం లేదని మనం గుర్తుపెట్టుకోవాలి. ఏదో గొంతు విని, గొంతుకు సరిపోయే మైకు పెట్టుకుని నెట్టుకొచ్చారు. మన మద్రాసు స్టూడియోల్లో ఘంటసాల గారి రోజుల్లో ఇంకా ఘోరం. పాడేవాళ్లు, వాయించేవాళ్లు అంతా ఒకేసారి, ఒక్కరు తప్పితే అందరూ మళ్లీ మొదటినుంచి. ఆ పాటల్లో వాడిన మైకులు ఏవై ఉంటాయా అని పాత ఫోటోలు పెద్దవి చేసి చేసి వెతికే మిత్రుడొకడున్నాడు నాకు. ఏ పాటనూ పల్లవి దాటి వినగా నేను చూడలేదు. ఆడలేక మద్దెల ఓడు అని సామెత కట్టినవాళ్లు ఇతన్ని చూసుంటే సామెత మార్చి ఉండేవాళ్లు. ఇతను ఆడటం ఎప్పుడో మానేశాడు, మద్దెలల మీద మాత్రం పీహెచ్‌డీ చేశాడు.

ఈ విద్యకు పరమ శత్రువు ఎవరంటే మైక్‌సెట్ అన్న. వినాయక చవితికి మా లేఔట్ పందిట్లో సెట్ పెట్టేది నెల్లూరు వైపు మనిషి, అహూజా ఆంప్లిఫయరు, అంచులు సొట్టలు పోయిన నాలుగు మైకులు. భజన మొదలుపెట్టిన ఆవిడ సౌండ్ రావట్లేదంటే, ఆయన కుర్చీలోంచి లేవకుండానే "అక్కా, మూతి దగ్గర పెట్టుకో. అంత దూరం పట్టుకుంటే నేనేం చేసేది?" అన్నాడు. ఆవిడ దగ్గర పెట్టుకుంది, సౌండ్ వచ్చింది. మా కింది ఫ్లోర్ కుర్రాడికి ఈ అశాస్త్రీయత చూసి ఒళ్లు మండింది. దగ్గరికి వెళ్లి, "అన్నా, ఈ మైకు ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ ఎంత నుంచి ఎంత దాకా?" అని అడిగాడు.

"సాయంత్రం ఆరింటి నుంచి రాత్రి పదిదాకా తమ్ముడూ. తర్వాత పోలీసోళ్లు ఊరుకోరు."

ఇలాంటివాళ్ల చేతుల్లో మన చెవులు పెట్టకూడదనే నేను కొన్ని సంస్కరణలు ప్రతిపాదిస్తున్నాను. మొట్టమొదటిది, పోలికల్లో ధర దాచిపెట్టడం వెంటనే ఆపాలి. ధర తెలియకపోతే చెవికి దారి ఎలా తెలుస్తుంది? మూడు లక్షలని ముందే రాస్తే వార్మ్‌నెస్ దానంతట అదే వస్తుంది, రెండు వేలని రాస్తే ప్లాస్టిక్ వాసన కూడా వినపడుతుంది. ఎబిఎక్స్ అని ఒక దుర్మార్గపు పరీక్ష ఉంది, ఎ, బి వినిపించి, తర్వాత ఎక్స్ వినిపించి అది ఆ రెండింట్లో ఏదో చెప్పమంటారు, మళ్లీ మళ్లీ అడుగుతారు. ఊరికే నాణెం ఎగరేసినా వరుసగా ఐదుసార్లు సరిపోయే అవకాశం 32లో 1 ఉంటుంది, కాబట్టి ఇంకా ఎక్కువసార్లు చెప్పు అంటారు. పెద్దమనుషులను పట్టుకుని ఇలా క్రాస్ ఎగ్జామిన్ చేయడం మర్యాద కాదు. ఇలాంటి పరీక్షలను మన లేఔట్లలో నిషేధించాలి. అలాగే రెండు మైకుల సౌండ్ మీటరు పెట్టి సమం చేసి వినిపించడం కూడా. సమం చేస్తే తేడా తగ్గిపోతుంది, తేడా తగ్గితే వీడియో ఎవరు చూస్తారు, చూడకపోతే ఆయన ఆ ఫోమ్ గది అద్దె ఎలా కడతాడు? మనకు మానవత్వం లేదా?

కింది ఫ్లోర్ కుర్రాడు ఇప్పుడు సొంతంగా ఒక పోలిక చేస్తున్నాడు. రెండు మైకులు పక్కపక్కన స్టాండ్లకు బిగించాడు, పాప్ ఫిల్టర్ పెట్టాడు, ట్యాంకరు రాని టైం కనుక్కున్నాడు. రికార్డు చేసిన అన్నిట్లోనూ అతను పలికింది ఒకటే, "హలో హలో, చెక్ చెక్, వన్ టూ". మంచి గొంతే, చిన్నప్పుడు విజయవాడలో నాలుగేళ్లు సంగీతం కూడా నేర్చుకున్నాడట. పాట ఎప్పుడు పంపిస్తావురా అని వాళ్లమ్మ ఫోన్లో అడిగితే, "ప్రీయాంప్ ఇంకా రాలేదమ్మా" అన్నాడు. మైకు సిగ్నల్‌ను పెంచే ఆ ప్రీయాంప్ పెట్టె వచ్చింది. రెండో ప్రీయాంప్ కూడా వచ్చింది, మొదటిదాన్ని దేనితోనో ఒకదానితో పోల్చాలి కదా.