బోడి మల్లన్న పౌరసత్వం

అమెరికన్ అంటే ఎవరన్న ప్రశ్నతో ఆ దేశపు న్యాయమూర్తులూ సెనేటర్లూ రెండు శతాబ్దాలకు పైగా కుస్తీ పడుతున్నారు. అలాంటి ప్రశ్నను డాలస్ శివారులో ఒక సంక్రాంతి విందులో, గుత్తివంకాయ కూర వడ్డించుకుంటూనే తేల్చిపారేసిన మహానుభావుణ్ణి 2025 జనవరి చివరి శనివారంనాడు నేను కళ్లారా చూశాను. ఆయన పౌరుడై అప్పటికి పది వారాలు. ఆయన తేల్చిందేమంటే, అమెరికన్లు ఇక చాలు, తనతో పంక్తి నిండిపోయింది.

ఆయన ప్రస్థానం అందరికీ తెలిసినదే. 2006లో హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద దిగారు. తాత్కాలిక ఉద్యోగిగా ఉండగానే ఇద్దరు పిల్లలు పుట్టారు. ఏళ్ల తరబడి, వరుసలో ఎవరి వంతు వచ్చిందో నెలకోసారి చెప్పే వీసా బులెటిన్‌ను ఏకాదశి వ్రతమంత నిష్ఠగా చదివి గ్రీన్‌కార్డు సాధించారు. మరో ఐదేళ్లు ఆగి పౌరసత్వ పరీక్షకు కూర్చున్నారు. అప్పట్లో వంద ప్రశ్నలూ జవాబులతో సహా ముందే చేతికిచ్చేవారు; అధికారి పది దాకా అడగవచ్చు, ఆరు చెబితే చాలేది. మనవారు మొదటి ఆరూ గడగడా అప్పజెప్పడంతో అధికారి అక్కడితో ఆపేశారట. దేశంలో అత్యున్నత చట్టమేది? రాజ్యాంగం. సవరణ అంటే ఏమిటి? రాజ్యాంగానికి చేసిన మార్పు. పరాయి రాజులకూ ప్రభువులకూ విధేయత వదులుకుంటున్నానని చెయ్యెత్తి ప్రమాణం చేసి, ఇంటికి వెళ్లి, భారత్‌కు జీవితకాలపు వీసాలాంటి ఓసీఐ కోసం దరఖాస్తు నింపారు. (అందులో తప్పేమీ లేదు, నేనూ నింపాను.) పౌరసత్వ పత్రానికి ఫ్రేము కట్టించి వేంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించారు.

ఆ పత్రం మీద సిరా ఆరిందో లేదో, జనవరి 20న కొత్త అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే, ముప్పై రోజుల తరువాత పుట్టే బిడ్డకు పౌరసత్వం ఉండదట. "మంచి పని చేశాడండీ, ఇక్కడ పుట్టినంత మాత్రాన అమెరికనైపోవడమేమిటి?" అన్నారు మన కొత్త పౌరుడు. చుట్టూ కూర్చున్న పెద్దమనుషులు గంభీరంగా తలలూపారు. వారిలో సగం మంది పిల్లలు ఆ "మాత్రాన" పౌరులైనవారే. సరిగ్గా అప్పుడే ఆయన పద్నాలుగేళ్ల కుమారుడు వచ్చి, ఒక బూరె తీసుకుని వెళ్లిపోయాడు. "మీవాడికి పౌరసత్వం ఎలా వచ్చిందండీ?" అని అడిగాను. "వాడు ఇక్కడే పుట్టాడు కదండీ!" అన్నారు, ఏమాత్రం తడుముకోకుండా. ఒక్క క్షణం గరిటె గాలిలో ఆగింది. "మా సంగతి వేరు, మేము లైన్లో నిలబడి వచ్చాం" అన్నారు. ఆ కుర్రవాడు ఏ లైన్లో నిలబడ్డాడో నాకు తెలియదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నారు పెద్దలు. ఏటికే కంచె వేయమనే మల్లన్నను వారు చూసి ఉండరు.

మల్లన్నకు చరిత్ర కూడా ఉంది. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. నాటి చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చినవారిలో పౌరులు కాదగినవారు తెల్లవారూ ఆఫ్రికా సంతతివారూ మాత్రమే. ఆ చట్టం అన్యాయమని ఆయన వాదించలేదు. తాను అగ్రకులంలో పుట్టిన ఆర్యుణ్ణి గనుక తానూ తెల్లవాడినేనని వాదించాడు! కులం చూపిస్తే గుమ్మం తెరుచుకుంటుందని మనవాళ్లకు ఎంత నమ్మకమో చూడండి. శాస్త్రం ఏమన్నా సరే, సామాన్యుడి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావని కోర్టు తేల్చింది. ఆయనే కాదు, అప్పటికే పౌరులైన భారతీయులు పదుల సంఖ్యలో పౌరసత్వం పోగొట్టుకున్నారు. వారిలో వైష్ణో దాస్ బగాయ్ 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. గోడ మీద పత్రం తగిలించుకున్నవారు ఈ పేరొకటి గుర్తుంచుకోవాలి.

థిండ్ తీర్పు వెలువడినది ఫిబ్రవరి 19న. కొత్త ఉత్తర్వు పెట్టిన గడువూ ఫిబ్రవరి 19. సియాటిల్‌లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి మూడో రోజునే దానికి అడ్డం పడ్డారు గానీ అప్పటికి అది పద్నాలుగు రోజుల ఊరట మాత్రమే. ఈలోగా ఏడో నెల, ఎనిమిదో నెల నిండని భారతీయ స్త్రీలు గడువులోపు సిజేరియన్ చేయమని వైద్యులను బతిమాలుకుంటున్నట్లు వార్తలు వచ్చాయి. ముహూర్తం పెట్టి కోత కోయించుకునే జాతి మనది, ఆ తెలివితక్కువతనానికి ఇంతకాలం నవ్వాం. ఇది ముహూర్తం కాదు, ఊపిరితిత్తులు ఇంకా ముదరని పసిగుడ్డును ఒక సంతకానికి భయపడి బయటకు లాగడం! ఇక్కడ పుట్టినవారు ఇక్కడి పౌరులేనంటుంది పద్నాలుగో సవరణ; బానిసత్వం నుంచి బయటపడ్డవారి బిడ్డల కోసం 1868లో రాజ్యాంగంలో చేర్చుకున్నది అది. చైనా తల్లిదండ్రులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ 1898లో కోర్టుకెక్కి నిలబెట్టినది అది. ఆ నీడలో ఇద్దరు బిడ్డలను పెంచుకుని, పక్కింటి గర్భిణిని చూసి "మంచి పని చేశాడండీ" అనడానికి నోరెలా వచ్చింది? తిన్న అన్నం ఎలా అరిగింది?

భోజనాలయ్యాక చెప్పుల దగ్గర ఆయన నన్ను పక్కకు పిలిచారు. బావమరిది హెచ్-1బి మీద ఆస్టిన్‌లో ఉన్నాడట, అతని భార్యకు ఏడో నెలట. పద్నాలుగో సవరణ ఉన్నది గదా, కోర్టులు చూసుకుంటాయి, కంగారుపడవద్దని చెప్పాను.

"సవరణ సంగతి తరువాత చూద్దామండీ" అన్నారాయన గొంతు తగ్గించి. "19వ తేదీ లోపల చేసే డాక్టరు ఎవరైనా మీకు తెలుసా?"