మొక్కకు మొక్క లెక్క

‘పర్యావరణవేత్తలు మీకు చెప్పని నిజాలు’ అనే సందేశం మళ్లీ వచ్చింది. పంపినవారంతా బాగా చదువుకున్న మిత్రులే. పగడపు దిబ్బలు, తీరంలో ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవుల గురించిన హడావిడంతా దండగ అని అందులోని అంశాల సారాంశం. ఇన్నాళ్లూ మొహమాటానికి ఊరుకున్నాను.

పగడం వట్టి రాయి, దానికి చావేమిటి అట. ఏడాదికోసారి రాత్రిపూట గుడ్లు వదిలే రాయిని నేనైతే వినలేదు. మడ అడవులు దోమల పుట్టిళ్లట. దోమలు ఉన్నాయి, కాదనను. అయితే పోటు నీరు రోజూ వచ్చిపోయే చోట కంటే, గట్టు కట్టి నీటిని నిలవేసిన చోటే వాటికి సుఖం.

తెల్లబడ్డ పగడం చచ్చినట్టే కాబట్టి కాపాడడానికి ఏమీ మిగల్లేదట. మొదటి అంశంలో ప్రాణమే లేని పగడం ఇక్కడికి వచ్చేసరికి చచ్చిపోయింది! నీరు వేడెక్కితే పగడపు జీవి తనకు తిండీ రంగూ ఇచ్చే శైవలాలను, అంటే నాచు లాంటి సూక్ష్మజీవులను, బయటకు నెట్టేస్తుంది. అప్పుడది ఆకలితో ఉంటుంది, ఇంకా చావలేదు. కొన్ని వారాలలో నీరు చల్లబడితే కోలుకోగలదు. ఆ వారాలలోనే దాని మీద మురుగు, ఒండ్రు కుమ్మరిస్తే చస్తుంది.

అసలు విషం నాలుగో అంశంలో ఉంది: ‘ఒక మడ చెట్టు కొడితే పది మొక్కలు నాటితే సరి.’ వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ఎక్కడ నాటుతారు? మడలు పెరగగల నేలలో రొయ్యల చెరువులు, కట్టడాలు వెలుస్తాయి కాబట్టి, ఎవరికీ అక్కరలేని బురద మేటల్లో. అక్కడ మొక్క రోజులో ఎక్కువ సేపు నీళ్లలో మునిగి ఊపిరాడక పోతుంది. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాలుగా ఇలా నాటినవాటిలో అత్యధికం బతకలేదు. 2004 సునామీ తరువాత శ్రీలంకలో నాటిన చోట్లలో కొన్నింట ఒక్క మొక్కా మిగల్లేదు. ఫొటోలు మాత్రం బాగా వచ్చి ఉంటాయి. పైగా మడ అడవి గాలి నుంచి తీసుకుని దాచే కర్బనంలో అధిక భాగం ఉండేది చెట్టులో కాదు, శతాబ్దాలుగా పేరుకున్న బురదలో. దాన్ని తవ్వేసి పది మొక్కలు చేతికిస్తే ఏ పద్దులో రాసుకోవాలి? వదిలేసిన రొయ్యల చెరువు గట్టు తెగ్గొట్టి పోటు నీటిని లోపలికి రానివ్వండి. దగ్గర్లో తల్లిచెట్లు ఉంటే విత్తనాలు వాటంతట అవే కొట్టుకొచ్చి మొలుస్తాయి. కాకపోతే అందులో మొక్క పట్టుకుని నిలబడే అవకాశం ఎవరికీ ఉండదు.

పాత టైర్లు ముంచితే కొత్త దిబ్బ తయారవుతుందన్న సలహా ఫ్లోరిడాలో 1970లలోనే పాటించారు. సుమారు 20 లక్షల టైర్లు. కట్లు తెగి, అవి తుపానులకు దొర్లుతూ పక్కనున్న అసలు దిబ్బనే కొట్టాయి. వాటిని ఏరే పని దశాబ్దాల తరువాత మొదలై ఏళ్ల తరబడి సాగింది.

చివరి అంశం మాత్రం ఒప్పుకుంటాను. సంరక్షణ పేరుతో వల వేసుకునేవాళ్లను వెళ్లగొట్టారన్నది చాలా చోట్ల నిజం. వాళ్లను అడగకుండానే పటం మీద గీతలు గీశారు. ఫిలిప్పీన్స్‌లోని అపో దీవిలో 1980లలో అలా చేయలేదు. దిబ్బలో ఒక భాగంలో వేట మానుకోవడానికి ఊరివాళ్లే ఒప్పుకుని, తామే కాపలా కాశారు. చేపలు పెరిగాయి, పక్క నీళ్లలో వేటా సాగింది. అంటే మత్స్యకారుడికి హక్కు ఇవ్వాలని తేలుతుంది. ఈ సందేశం రాసిన పెద్దమనిషి అక్కడి నుంచి ‘కాబట్టి మడలు కొట్టేయవచ్చు’ అన్న చోటికి ఏ దారిన చేరుకున్నారో నాకు అంతుపట్టలేదు.